సోలార్ పెట్టించినం సరే, మరి చూసుకునేదెవరు?

(ఆదివారం పొద్దున మన కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన మీటింగ్ రికార్డింగ్ విని టైప్ చేసింది. రాలేకపోయినోళ్లు చదువుకోవడానికి. మాట్లాడినాయన హైదరాబాద్‌లో ఇండ్ల మీద సోలార్ సర్వీసింగ్ పని చేస్తరు.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతుందా? ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, సౌండ్ వస్తుంది. ఆ, ఇప్పుడు బాగుంది. ముందు ఒక ప్రశ్న అడుగుతా, చేతులెత్తండి. మీలో ఎవరెవరి ఇంటి మీద సోలార్ ఉంది? అబ్బో, చానా మంది ఉన్నరు. చేతులు దింపకండి, అట్లనే ఉంచండి. పోయిన నెల మీ ప్యానెల్స్ ఎన్ని యూనిట్లు తయారు చేసినయో తెలిసినోళ్లు మాత్రమే ఉంచి మిగతావాళ్లు దింపండి. బిల్లు ఎంతొచ్చింది అని కాదు నేను అడిగేది, బిల్లు అందరికీ తెలుసు. తయారైంది ఎంత? చూసినరా, ఇద్దరే మిగిలిండ్రు. ఆ ఇద్దరూ టీ తాగి ఇంటికి పోవచ్చు, నాకు మిగతావాళ్లతోనే పని.

పెట్టేటప్పుడు మీకు చెప్పే ఉంటరు, సార్ దీంట్లో తిరిగే పార్ట్ ఏం లేదు, ఇరవై అయిదేళ్లు మీరు చూసుకోనక్కర్లేదు అని. సగం నిజమే. ప్యానెల్ అంత తొందరగా పాడవ్వదు. కానీ పాడవ్వకపోవుడు వేరు, పూర్తిగా పనిచేసుడు వేరు. ఫ్రిజ్ పాడైతే పాలు విరుగుతయి, మోటర్ పాడైతే ట్యాంకు ఎండుతది, మీకు ఆ పూటే తెలుస్తది. సోలార్ ఇరవై శాతం తగ్గితే ఇంట్లో ఏం మారుతది? ఏం మారదు. లైటు వెలుగుతది, ఏసీ నడుస్తది, తక్కువైన కరెంట్ లైన్ నుంచి వస్తది. ఎవరికీ తెల్వదు. అదే దీనితోని వచ్చిన చిక్కు.

ఇరవై శాతమే కదా, ఎంతుంటదిలే అనుకుంటరు. లెక్క చూద్దాం, అమ్మా మీరు కూడా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. మూడు కిలోవాట్ల సిస్టమ్ అనుకోండి. కిలోవాట్‌కి రోజుకు సగటున నాలుగు యూనిట్లు, అంటే నెలకు 360 యూనిట్లు. ఇంట్లో వాడకం నెలకు 500. సోలార్ లేకపోతే ఇప్పుడున్న తెలంగాణ రేట్ల ప్రకారం 200 దాటినోళ్లకు మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసలు, ఆ పై వంద 7.70, ఆ పై వంద 9 రూపాయలు, 400 దాటితే 9.50. మొత్తం 3,640 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ అవన్నీ పక్కన పెట్టి చెప్తున్నా, ఒట్టి కరెంట్ చార్జీనే.

ఇప్పుడు సోలార్ బాగా నడుస్తుంది. వాడకంలోంచి తయారైంది తీసేయంగ మిగిలిన దానికే బిల్లు, దాన్నే నెట్ అంటరు. 500 లోంచి 360 పోతే 140 యూనిట్లు. 200 లోపలికి వచ్చినం కాబట్టి రేటే మారిపోతది, మొదటి వంద 3.40, మిగతా నలభై 4.80. అంటే 532 రూపాయలు. మంచిగుంది కదా? సరే, దుమ్ము పట్టింది, పది శాతం తగ్గింది అనుకోండి. 324 యూనిట్లే వచ్చినయి, నెట్ 176, బిల్లు 705. పర్వాలేదులే అంటరు. ఇరవై శాతం తగ్గితే? 288 వచ్చినయి, నెట్ 212. ఇక్కడే ఉంది అసలు విషయం. 200 దాటినరు, పన్నెండు యూనిట్లే దాటినరు, కానీ ఆ పన్నెండుకే కాదు, మొత్తం 200కీ 5.10 పడుతది. బిల్లు 1,112. చూసినరా? ఇరవై శాతం ఉత్పత్తి తగ్గితే బిల్లు ఇరవై శాతం పెరగలే, డబుల్ దాటింది. మీ వాడకం వేరు ఉండొచ్చు, మీరు స్లాబ్ గీతకు, అంటే రేటు మారే 200 యూనిట్ల లాంటి హద్దుకు, ఎంత దగ్గరున్నరో మీరే చూసుకోవాలె. గీత పక్కనే ఉన్నోళ్లకు తుడుచుడు అంటే శుభ్రం కోసం కాదు, గీత దాటకుండా ఉండడం కోసం.

వయసుతోని తగ్గుడు కూడా ఉంటది, అది ఎవరూ ఆపలేరు. మీ వారంటీ కాగితం తీసి చూడండి, కొత్త మోనో ప్యానెల్స్‌లో చాలావాటికి మొదటి ఏడాది 2 శాతం, ఆ తర్వాత ఏటా 0.55 శాతం అని రాసి ఉంటది, అంటే 25వ ఏడాది చివరికి 84.8 శాతం మిగులుతది. ఇది చాలా మెల్లగా జరిగేది. కాబట్టి పోయిన ఏడాది ఇదే నెలకూ ఇప్పటికీ ఎనిమిది పది శాతం తేడా కనిపిస్తే, వాతావరణం అట్లనే ఉంటే, సార్ ప్యానెల్ పాతబడ్డది అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. దుమ్మో నీడో లూజ్ కనెక్షనో, ఏదో ఒకటి ఉంది, వెతకాలె.

అందుకే నేను బ్రష్ కంటే ముందు నోట్‌బుక్ కొనమంటా. నెలకు ఒక్కరోజు, ఒకటో తారీఖు పెట్టుకోండి, మూడు నంబర్లు రాయండి. ఇన్వర్టర్, అంటే ప్యానెల్ కరెంట్‌ని ఇంటికి పనికొచ్చేట్టు మార్చే డబ్బా, దాంట్లోనో దాని యాప్‌లోనో మొత్తం తయారైంది ఎంత, నెట్ మీటర్‌లో ఇంపోర్ట్, అంటే లైన్ నుంచి తీసుకుంది ఎంత, ఎక్స్‌పోర్ట్, అంటే లైన్‌కి పంపింది ఎంత. చానా మంది ఎక్స్‌పోర్టే తయారైన మొత్తం అనుకుంటరు. కాదండి, పగటి పూట సోలార్ కరెంట్ ముందు మీ ఇంట్లోనే ఖర్చయితది, మిగిలిందే బయటికి పోతది. ఎండకాలం పగలు ఏసీ వేస్తే ఎక్స్‌పోర్ట్ తగ్గుతది, దాన్ని చూసి సోలార్ పడిపోయింది అని నాకు ఫోన్ చేస్తరు. కాబట్టి తయారైన నంబర్ చూడాలె. ఇంకోటి, పోయిన నెలతోని పోల్చకండి, పోయిన ఏడాది అదే నెలతోని పోల్చండి. మనకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ బాగుంటది, జులై ఆగస్టు మబ్బులకు పడిపోతది, అది సహజం.

మేలో ఎండ దంచుతుంది కదా మరి తక్కువెందుకు వచ్చింది అని అడుగుతరు. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన మేడల మీద మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కూడా పోతది. మోనో పెర్క్ అనే ప్యానెల్ రకానికి డిగ్రీకి 0.35 శాతం దగ్గర తగ్గుతది, నలభై డిగ్రీలు ఎక్కువైతే 14 శాతం అక్కడే పోయింది. కొత్తగా వస్తున్న టాప్‌కాన్ రకానికి కొంచెం తక్కువ పోతది. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడాలె. కింద జాగ ఖాళీగ ఉంది కదా అని పాత మంచాలు, అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు నింపుతరు చూడండి... నవ్వుతున్నరు అంటే ఉన్నయన్నమాట. తీసేయండి.

ఇప్పుడు కడుగుడు సంగతి. దీని మీద ఎక్కువ టైమ్ తీసుకుంటా, ఎందుకంటే కడగక పాడైన ప్యానెల్స్ కంటే తప్పుగా కడిగి పాడు చేసినవే నాకు ఎక్కువ బాధనిపిస్తయి. టైమ్ ముందు. పొద్దున ఏడు లోపల, లేకపోతే పొద్దు గుంకినంక. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. పైగా కడిగిన నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయి మరకలు కడతయి. పొద్దున మంచు తడి మీద దుమ్ము మెత్తబడి ఉంటది, సగం పని అదే చేసి పెడతది.

రెండోది నీళ్లు. మన హైదరాబాద్ బోరు నీళ్ల సంగతి మీకు చెప్పాలా? గీజర్ రాడ్ చూడండి, బకెట్ అంచు చూడండి, తెల్లగా ఎట్ల పేరుకుంటదో. అదే తెలుపు ప్యానెల్ మీద కూడా పేరుకుంటది, నెలనెలా ఒక పొర, తర్వాత గీకినా పోదు. మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో, నల్లా నీళ్లు వస్తే అవి పట్టుకోండి, మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెల్స్, మూడు నాలుగు బకెట్లు చాలు. వాన నీళ్లు పట్టుకున్నోళ్లు ఉంటే ఇంకా మంచిది. బోరు నీళ్లు తప్ప దిక్కు లేదంటే వైపర్‌తోని వెంటనే లాగేయండి, ఆరనివ్వకండి. ఇంకొకటి, దయచేసి వినండి. ఆర్వో మెషిన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పట్టి పెట్టుకుని వాటితోని కడుగుతున్నరు కొందరు. నీళ్లు పొదుపు చేస్తున్నరు, మంచి ఆలోచనే, కానీ ఆ నీళ్లలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటయి, బోరు కంటే అన్యాయం. వాటితోని బండలు కడుక్కోండి.

సబ్బు పొడి వద్దు, యాసిడ్ అసలే వద్దు, ఇనుప పీచు పేరు కూడా ఎత్తకండి. అద్దం మీద పల్చని కోటింగ్ ఉంటది, వెలుతురు వెనక్కి పోకుండా, అది గీక్కుపోతే మళ్లీ రాదు. కారు కడిగే ప్రెషర్ గన్ కూడా వద్దు, ఫ్రేమ్ సందుల్లోంచి, వెనక జంక్షన్ బాక్స్‌లోకి నీళ్లు కొడతది. మెత్తటి మాప్, పొడుగు కర్ర, అంతే. ప్యానెల్ మీద కాలు పెట్టకండి. పిల్లగాడు బరువు తక్కువ, వాణ్ణి ఎక్కిస్తా అంటరు. అద్దం పగలదు, కానీ లోపల సెల్ వెంట్రుకంత పగులుతది, కంటికి కనిపించదు, రెండేళ్ల తర్వాత అక్కడే వేడెక్కి మచ్చ వస్తది.

ఎన్ని రోజులకోసారి అంటే, మామూలు గల్లీలో పదిహేను రోజులకోసారి సరిపోతది. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నా, మెయిన్ రోడ్డు మీద ఉన్నా వారానికోసారి. వాన పడ్డది కదా అని వదిలేసేటోళ్లకు ఒక మాట, వాన మధ్యలో కడుగుతది గానీ దుమ్మంతా కిందికి జారి కింది ఫ్రేమ్ అంచున గీతలాగ ఆగుతది. మన దగ్గర పదిహేను డిగ్రీల అటూ ఇటూ వాలు పెడతరు, ఆ వాలుకు అంచున ఆగిన బురద పోదు. దూరం నుంచి ప్యానెల్ మెరుస్తుంటది, కింది వరస సెల్స్ మాత్రం మూసుకుని ఉంటయి.

ఆ కొంచెం మూసుకుంటే ఏమైతది అనుకోవద్దు. లోపల సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి, వినాయక చవితికి కట్టే సీరియల్ లైట్ల సెట్ లాగ. ఒక సెల్ మీద పావురం రెట్ట పడి గట్టిపడితే ఆ సెల్ కరెంట్ పోనియ్యదు, పైగా అదే వేడెక్కుతది. కాపాడడానికి ఒక్కో ప్యానెల్‌లో సాధారణంగ మూడు బైపాస్ డయోడ్లు ఉంటయి, అవి ఆ భాగాన్ని పక్కకు తప్పిస్తయి, అంటే అరచేయంత రెట్టకు ప్యానెల్‌లో మూడో వంతు పని మానేయొచ్చు. అందుకే దుమ్ము పదిహేను రోజులు ఆగొచ్చు గానీ రెట్ట కనపడితే ఆ రోజే తుడవాలె. ముందు తడిగుడ్డ వేసి నానబెట్టి అప్పుడు తీయండి, ఎండిందాన్ని గీకకండి. పావురాలు ప్యానెల్ కింద గూడు పెట్టకుండా చుట్టూ జాలీ కట్టించండి, బాల్కనీలకు కట్టిస్తున్నరు కదా, అదే పని ఇక్కడ కూడా. కాకపోతే జాలీ ప్యానెల్ ఫ్రేమ్‌కి రంధ్రం కొట్టి బిగించొద్దు, క్లిప్పులు దొరుకుతయి. రంధ్రం కొడితే వారంటీ పాయె.

నీడ గురించి ఒక్క ముచ్చట. మీది ఏ నెలలో పెట్టినరు? మే నెలా? చూడండి, మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మన హైదరాబాద్‌లో మధ్యాహ్నం నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు, సూర్యుడు నెత్తి మీదే ఉంటడు. అప్పుడు పెట్టినోళ్లకు ట్యాంకు నీడ కనపడదు. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి దిగిపోతడు, రెండు మీటర్ల ట్యాంకుకు మిట్ట మధ్యాహ్నమే మీటరున్నర దాటి నీడ పడుతది, పొద్దున సాయంత్రం ఇంకా పొడుగు. డిసెంబర్ చివర ఒకరోజు పది గంటలకు, పన్నెండుకు, మూడు గంటలకు పైకి పోయి ఫోటో తీసుకోండి. మునగ చెట్టు కొమ్మయితే కొట్టించొచ్చు, డిష్ యాంటెన్నా అయితే జరపొచ్చు. పక్కింటాయన ఇంకో ఫ్లోర్ వేస్తే? అది నా చేతిలో లేదు, ప్రెసిడెంట్ గారిని అడగండి.

ఇప్పుడు కొంచెం సీరియస్‌గా వినండి. కరెంట్ పోతే మీ సోలార్ కూడా ఆగిపోతది, లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతది, బ్యాటరీ లేని మామూలు సిస్టమ్ అంతే. కానీ ఇన్వర్టర్ ఆగింది కదా అని ప్యానెల్ ఆగదు. ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో కరెంట్ ఉంటది, ఆరు పెద్ద ప్యానెల్స్ వరసకు మూడు వందల వోల్టుల దగ్గర డీసీ. డీసీ అంటే ప్యానెల్ నుంచి వచ్చే కరెంట్, ఏసీ అంటే ఇంట్లో, లైన్‌లో ఉండే కరెంట్, చల్లబరిచే ఏసీ కాదు. డీసీకి నిప్పురవ్వ లేస్తే ఏసీ లాగ తొందరగా ఆరదు. నల్ల ప్లగ్గులు ఉంటయి చూడండి, ఎంసీ ఫోర్ కనెక్టర్లు, వాటిని నడుస్తుండగా లాగొద్దు. ఆఫ్ చేయాల్సి వస్తే ముందు ఏసీ వైపు, తర్వాత డీసీ వైపు. అద్దం పగిలిన ప్యానెల్ ఉంటే దాని మీద నీళ్లు పోయొద్దు, తడి చేత్తో ముట్టొద్దు, మెకానిక్‌ని పిలవండి. ఈ కనెక్టర్లే నాకు ఎక్కువ భయం. ఒక కంపెనీ మగది, ఇంకో కంపెనీ ఆడది కలిపి బిగిస్తరు, పడుతది, కానీ లోపల సరిగ కూర్చోదు, వేడెక్కి కరుగుతది. ఏడాదికోసారి రంగు మారిందా, కరిగిందా చూపించుకోండి.

వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు కూడా ఎండకు పెళుసై రాలిపోతయి. వైర్ వేలాడుతది, కోతి పట్టుకుని ఊగుతది. నవ్వకండి, కాప్రా వైపు, ఘట్‌కేసర్ వైపు ఉన్నోళ్లను అడగండి. ఎండకు తట్టుకునే నల్ల రకం టైలు, లేదంటే స్టీల్‌వి పెట్టించి వైర్‌ని పైపులో పంపాలె. సంక్రాంతి అయినంక మాంజా, చిరిగిన పతంగులు, దీపావళి అయినంక కాలిన రాకెట్లు, ఒకసారి పైకి పోయి ఏరేయండి. మే గాలిదుమారాలకు ముందు స్ట్రక్చర్, అంటే ప్యానెల్స్‌ని మోసే ఇనుప స్టాండ్, దాని బోల్టులు టైట్ చేయించండి, తుప్పు కనపడితే జింక్ పెయింట్ కొట్టించండి. గాలికి లేచిన ప్యానెల్ మీ ఇంటి మీదే పడుతదని ఏం లేదు, పక్కింటి కారు మీద కూడా పడొచ్చు.

ఎర్తింగ్. ఎర్త్ పిట్లు మూడు ఉండాలె, డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్‌కి ఒకటి. ఎండకాలం వాటిలో నీళ్లు పోస్తున్నరా? మన రాతి నేల ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. స్విచ్‌లున్న డబ్బాల్లో ఎస్‌పీడీ అని ఉంటది, వోల్టేజ్ ఒక్కసారిగ ఎగిస్తే అడ్డుకునేది, దానికి చిన్న కిటికీ, పచ్చగ ఉంటే మంచిది, ఎర్రగ మారితే అది మీ ఇన్వర్టర్ కోసం ప్రాణమిచ్చింది అన్నట్టు, వెంటనే మార్చాలె. ఉరుములు మెరుపుల రాత్రి తెల్లారి ఆ కిటికీ చూడండి.

ఇన్వర్టర్‌ని నీడలో, గాలి ఆడే గోడకు పెట్టాలె. పశ్చిమ ఎండ పడే గోడకు ఉంటే పైన చిన్న రేకు కట్టించండి. ప్యానెల్ ఇరవై అయిదేళ్లు అంటే ఇన్వర్టర్ అన్ని రోజులు రాదు, పదేళ్ల దగ్గర ఒకసారి మార్చాల్సి వస్తది, ఆ డబ్బు ఇప్పటి నుంచే మిగిలిన బిల్లులోంచి పక్కకు వేసుకోండి. యాప్‌లో సున్నా చూపిస్తే భయపడకండి, వైఫై పాస్‌వర్డ్ మార్చి ఉంటరు, ముందు ఇన్వర్టర్ డిస్‌ప్లే చూడండి. మధ్యాహ్నం పూట వోల్టేజ్ ఎక్కువని ఎర్రర్ వచ్చి మాటిమాటికీ ఆగుతుంటే ఆ ఎర్రర్ ఫోటో తీసి పెట్టుకోండి. అది లైన్ సంగతి కావొచ్చు, గల్లీలో అందరూ ఒకేసారి కరెంట్ పంపుతుంటే వోల్టేజ్ లేస్తది. కరెంటోళ్ల 1912 నంబర్‌కి కంప్లైంట్ ఇచ్చి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్ ఆఫీసుకు పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూడమనండి. ఆగిన ప్రతి గంటా మీ యూనిట్లే.

కాగితాల మాట. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సోలార్ స్కీమ్ పీఎం సూర్యఘర్ వచ్చినంక మూడు కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ తీసుకున్నోళ్లు ఉన్నరు కదా. సబ్సిడీ గుర్తుంది, కానీ పెట్టిన వెండర్ అయిదేళ్లు మెయింటెనెన్స్ చేయాలన్న సంగతి గుర్తుందా? అగ్రిమెంట్ తీసి చదవండి. ఫోన్ చేస్తే రాకపోతే వాట్సాప్‌లో, మెయిల్‌లో రాసి పెట్టండి, నోటి మాట రేపు నిలబడదు. ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్ ఫోటో, ఇన్వర్టర్ నంబర్ ఫోటో, బిల్లు, ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో. అయిదేళ్లు అయినంక ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ తీసుకుంటే కడిగి పోయేటోనికి కాదు, మీటర్ పెట్టి ఒక్కో వరస వోల్టేజ్, కరెంట్ కొలిచి రాసిచ్చేటోనికి ఇవ్వండి. ఒట్టి కడుగుడుకైతే మీ ఇంట్లో పనిచేసే అబ్బాయి చాలు, నేర్పించుకోండి.

ప్రశ్నలా? అడగండి. స్ప్రింక్లర్లా సార్? నల్లా నీళ్లతో, పొద్దున ఆరింటికి టైమర్ పెట్టుకుంటే ఓకే. బోరుకు కలిపి మధ్యాహ్నం ప్యానెల్ చల్లబరుస్తా అంటే మాత్రం వద్దు, రెండేళ్లలో అద్దం సున్నం కొట్టినట్టయితది. నానో కోటింగ్ స్ప్రే అమ్మేటోళ్లు వస్తున్నరా? ప్యానెల్ కంపెనీ రాతపూర్వకంగా వారంటీ పోదు అని చెప్తే కొనండి. వాళ్లు చెప్పరు, మీరు కొనరు.

అమ్మా, మీదే చివరిది. స్లాబ్ లీకవుతుందా? స్ట్రక్చర్ కాళ్ల దగ్గరేనా? అక్కడ బోల్టు కొట్టినచోట నీళ్లు దిగుతున్నయి. వాటర్‌ప్రూఫింగ్ చేసేటాయన ప్యానెల్స్ విప్పి పక్కన పెడతా అంటడు, ఒప్పుకోకండి, ఆయనకు డీసీ వైర్ సంగతి తెల్వదు. సోలార్ వాళ్లతోనే విప్పించండి, ఏ ప్యానెల్ ఎక్కడుందో పెన్నుతోని వెనకాల నంబర్ రాయించండి, విప్పినవాటిని అద్దం కిందికి పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, నిలబెట్టి గోడకు ఆనించాలె, గాలికి పడకుండా తాడు కట్టాలె. మళ్లీ బిగించేటప్పుడు ఈసారి కాళ్లను స్లాబ్‌లోకి కొట్టకుండా పైనే కాంక్రీట్ దిమ్మెలు పోయించండి, ఎంత బరువు కావాలో గాలిని బట్టి లెక్క ఉంటది, అది ఇంజినీర్‌తోని వేయించుకోండి. వానలు మొదలు కాకముందే చేయించండి అమ్మా, జూన్ వస్తే మనుషులు దొరకరు.